పేజర్ మోగితే పరుగే: ఊరి వాలంటీర్ ఫైర్ కంపెనీలో ఒక ఏడాది

(న్యూజెర్సీలో తెలుగువాళ్ళ నెలవారీ కూడికలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని అక్షరాల్లో పెట్టినది.)

అందరికీ నమస్కారం. వెనక సమోసాల దగ్గర ఉన్నవాళ్ళకి కూడా.

ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో నిప్పంటుకుంది, 911కి ఫోన్ చేశారు, ఫైరింజన్ వచ్చింది. అందులోంచి దిగినవాళ్ళకి జీతం ఎవరిస్తారు? (సభలోంచి: "టౌన్‌షిప్", "గవర్నమెంట్".) మనం కట్టే ప్రాపర్టీ టాక్స్ చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. మా ఊళ్ళో మాత్రం ఎవరూ ఇవ్వరు. ఇంజన్ నడిపేది ఒక ప్లంబర్. పక్క సీట్లో కూర్చునే ఆఫీసర్ హైస్కూల్లో లెక్కలు చెప్తారు. వెనక ఒక కాలేజీ కుర్రాడు, ఒక నర్సు, నేను. నేను పగలంతా డేటాబేసులు చూసుకునే మనిషిని.

ఇదేదో మా ఊరి వింత కాదు. 2020 లెక్కల్లో అమెరికా మొత్తం మీద ఫైర్‌ఫైటర్లు దాదాపు 10.4 లక్షల మంది. అందులో 6.7 లక్షల మందికి పైగా వాలంటీర్లే. నెవార్క్, న్యూయార్క్ లాంటి పెద్ద నగరాల్లో జీతాల మీద పనిచేస్తారు. చిన్న ఊళ్ళు మాత్రం చాలావరకు ఇలాగే నడుస్తాయి. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, మరికొందరు కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టుకున్నారు. సభ్యుడైతే తోలు బకెట్లూ, కాలే ఇంట్లోంచి సామాన్లు బయటికి తేవడానికి సంచులూ సొంత ఖర్చుతో సిద్ధంగా ఉంచుకోవాలి. పిలుపు వస్తే పరిగెత్తాలి. ఇప్పుడు బకెట్లు ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు గానీ, పరిగెత్తడం అలాగే ఉంది.

ఏడాదిలో మేం ఏం చేస్తామో చెప్పమన్నారు. జనవరి నుంచి మొదలుపెడతాను. డిసెంబరులో ఆఫీసర్ల ఎన్నికలు అయిపోతాయి, జనవరి నుంచి కొత్త చీఫ్. తెల్ల హెల్మెట్ ఆయనది, నల్ల హెల్మెట్లు మావి.

జనవరి, ఫిబ్రవరి అంటే నీళ్ళు గడ్డకట్టే చలిలో నీళ్ళతో పని. నాజిల్ పూర్తిగా కట్టేస్తే హోస్ లోపల నీళ్ళు బిగుసుకుపోతాయి. అందుకని సన్నటి ధార అలా వదిలేసి ఉంచుతాం. ఆ ధార కింద పడి రోడ్డు అద్దంలా తయారవుతుంది, దాని మీద మేమే జారి పడతాం. ఇక హైడ్రెంట్లు, అంటే ఫైరింజన్లకి నీళ్ళిచ్చే రోడ్డు పక్క కుళాయిలు. ఒక చిన్న లెక్క చెప్తాను. మా ఇంజన్ ట్యాంకులో 750 గ్యాలన్లు, అంటే సుమారు 2,800 లీటర్లు. ఇంట్లోకి పట్టుకెళ్ళే హోస్ ఒక్కటే నిమిషానికి 150 గ్యాలన్లు లాగేస్తుంది. అయిదు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. ఈలోగా రెండో ఇంజన్ వాళ్ళు హైడ్రెంట్ తగిలించాలి. దాని మీద మూడడుగుల మంచు గుట్ట ఉంటే, ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. మీ ఇంటి ముందు హైడ్రెంట్ ఉంటే, డ్రైవ్‌వే మంచు తీసేటప్పుడు దాని చుట్టూ కూడా ఒక మూడడుగులు తీసి పెట్టండి. స్నోబ్లోయర్‌తో మంచంతా దాని మీదికే ఎగజిమ్మేవాళ్ళని చూశాను, పేర్లు చెప్పను. (నవ్వులు.)

మంచు రోజుల్లో ఇంకోటి కార్బన్ మోనాక్సైడ్. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పొగ గొట్టం గోడలోంచి బయటికి వచ్చే చోట మంచు మూసేస్తే ఆ గాలి ఇంట్లోకే తిరిగొస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతులు అయితే రాత్రి తిన్నది పడలేదేమో అనుకుని జీలకర్ర కషాయం పెట్టుకోకండి. పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి, అప్పుడు ఫోన్ చెయ్యండి.

ఫిబ్రవరిలో ఫైర్ డిస్ట్రిక్ట్ ఎన్నికలు. ఇది మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఫైర్ డిస్ట్రిక్ట్ అంటే ఫైర్ ఖర్చులకి విడిగా టాక్స్ వేసుకునే ప్రాంతం. న్యూజెర్సీలో అది ఉన్న చాలా ఊళ్ళలో ఫిబ్రవరి మూడో శనివారం ఓటింగ్ పెట్టి, కమిషనర్లని ఎన్నుకుని, ఫైర్ బడ్జెట్ మీద కూడా ఓటేస్తారు. ఓటేసేవాళ్ళు ఎంత తక్కువంటే, బూత్ దగ్గర కూర్చున్నవాళ్ళకి వచ్చినవాళ్ళ పేర్లు గుర్తుండిపోతాయి. కొత్త ఇంజన్ ఇప్పుడు పది లక్షల డాలర్ల దాకా ఉంది. పెద్ద నిచ్చెన ఉన్న బండైతే ఇంకా పైన. ఆర్డర్ ఇచ్చాక చేతికి రావడానికి మూడు నాలుగేళ్ళు. టాక్స్ సరిపోని చోట పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్టులు, సిగ్నల్ దగ్గర బూటు పట్టుకుని చిల్లర అడగడాలు. ఇక్కడ డబ్బుల సంగతి ఆపేస్తాను, మొదలుపెడితే చీకటి పడుతుంది.

మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా ఇక్కడ అడవి మంటల కాలం. మన వైపు ఎండలు ముదిరాక గడ్డివాములూ పూరిళ్ళూ అంటుకుంటాయి. ఇక్కడ ఎండ ముదరకముందే. చెట్లకి ఇంకా ఆకు రాదు, కింద నిరుటి ఎండుటాకులు, వాటి మీద నేరుగా ఎండ, పైగా గాలి. దక్షిణాన పైన్ బారెన్స్ అని పెద్ద అడవి ఉంది. 1963 ఏప్రిల్‌లో ఒక్క వారాంతంలో రాష్ట్రంలో 1,83,000 ఎకరాలు కాలిపోయింది. 2025 ఏప్రిల్‌లో ఓషన్ కౌంటీలో 15,000 ఎకరాలు దాటింది. అడవిలో పోరాడేది రాష్ట్ర ఫారెస్ట్ ఫైర్ సర్వీస్. అడవి అంచున ఉన్న ఇళ్ళ దగ్గర ఇంజన్లు పెట్టుకుని కాపలా కాసేది చుట్టుపక్కల ఊళ్ళ వాలంటీర్లు. మా ఊళ్ళో అంత అడవి లేదు. మాకు వచ్చేవి మల్చ్ మంటలు. షాపుల ముందు పూలమొక్కల చుట్టూ చెక్క పొట్టు వేస్తారు కదా, అందులో సిగరెట్ పీక పడేస్తారు. అది గంటల తరబడి లోలోపల రాజుకుని గోడ అంటుకుంటుంది. పీకలు పడేసేవాళ్ళకి దణ్ణం పెట్టడం తప్ప ఏం చెప్పను.

ఇప్పుడు అసలు సంగతి. కాల్ వస్తే మమ్మల్ని పిలిచే చిన్న యంత్రం పేజర్. ఏడాది పొడుగునా అది ఎక్కువగా మోగేది మంటలకి కాదు. 2020లో దేశమంతా ఫైర్ డిపార్ట్‌మెంట్లకి 3.6 కోట్ల కాల్స్ వస్తే, వాటిలో మంటలు దాదాపు 14 లక్షలు. వందకి నాలుగు. సగానికి పైగా వైద్య సాయం కాల్సే. మా ఊళ్ళో అంబులెన్స్ స్క్వాడ్ వేరే ఉంది కాబట్టి మాకు మిగిలేవి అలారాలు, గ్యాస్ వాసన, యాక్సిడెంట్లు, గాలివానకి తెగిపడ్డ కరెంటు తీగలు. తీగ తెగితే ఏం చేస్తామనుకున్నారు? కరెంటు కంపెనీ వాళ్ళు వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చుంటాం. ఒక్కోసారి మూడు నాలుగు గంటలు. సినిమాల్లో ఇది చూపించరు.

అలారాలంటే మన గురించి చెప్పుకోవాలి. అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్, ఆదివారం పొద్దున్న అయిదున్నర. ఆటోమేటిక్ అలారం. మేం వెళ్ళేసరికి పైజమాల్లో, దుప్పట్లు కప్పుకుని జనమంతా పార్కింగ్ లాట్‌లో వణుకుతున్నారు. మూడో అంతస్తు ఎక్కాం. తలుపు ఎదురుగా మావిడాకుల తోరణం, గడప మీద పసుపు. అప్పుడే నాకు అర్థమైపోయింది. మా లెఫ్టినెంట్ నా వంక చూసి, "నువ్వే ముందు వెళ్ళు" అన్నాడు. లోపల గృహప్రవేశం. హాలు మధ్యలో ఇటుకల మీద హోమం, పంచెకట్టులో పురోహితులు, కళ్ళు నలుపుకుంటున్న చుట్టాలు. పైన సీలింగ్‌కి, స్మోక్ డిటెక్టర్ మీద, గులాబీ పూల బొమ్మలున్న షవర్ క్యాప్ తొడిగి ఉంది! గదిలోదానికైతే తొడిగారు గానీ, తలుపు తీయగానే పొగ కారిడార్‌లోకి వెళ్ళింది. కారిడార్‌లోది బిల్డింగ్ మొత్తానికీ కనెక్ట్ అయి ఉంటుంది.

నేను మాస్క్ తీసి, "నమస్కారమండీ" అన్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఇంటి పెద్దావిడ తేరుకుని, "తెలుగువాళ్ళా బాబూ? ఎక్కడ మీది?" అన్నారు. చెప్పాను. ఆవిడ చెల్లెలిగారి అత్తవారిది మా పక్క ఊరేనట. "పూర్ణాహుతి అయ్యేదాకా ఆగగలరా నాయనా" అని పురోహితులు అడిగారు. లెఫ్టినెంట్‌కి అనువాదం చేశాను. ఆయన కిటికీలు తీయించి, ఫ్యాన్ పెట్టించి, "ఎంతసేపు?" అన్నాడు. మంత్రాలు అయ్యేదాకా మావాళ్ళు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. వెళ్ళేటప్పుడు అందరి చేతుల్లో రవ్వకేసరి పొట్లాలు. ఆ కాంప్లెక్స్ నుంచి అలారం వచ్చిందంటే ఇప్పుడు మావాళ్ళు కొంచెం హుషారుగానే బయల్దేరతారు.

నవ్వుకున్నాం గానీ, ఆ షవర్ క్యాప్ మాత్రం దయచేసి పెట్టకండి. పండగైపోయాక తీయడం ఎవరికీ గుర్తుండదు. హోమం చేసుకోవాలంటే ముందుగా లీజింగ్ ఆఫీసునీ, టౌన్‌షిప్ ఫైర్ ప్రివెన్షన్ వాళ్ళనీ అడగండి, ఆ బిల్డింగ్‌లో కుదురుతుందో లేదో చెప్తారు. పోపుకి అలారం మోగుతోందని బ్యాటరీ పీకేసేవాళ్ళున్నారు. డిటెక్టర్‌ని వంటగదికి ఇంకొంచెం దూరంగా పెట్టించుకోండి గానీ బ్యాటరీ పీకొద్దు.

ఇంకోటి బాండీలో నూనె. గారెలు వేస్తూ ఇండియా ఫోన్ వచ్చిందని పక్కకి వెళ్తారు. నూనె అంటుకుంటుంది. చేతికి అందేది సింక్‌లో నీళ్ళు. నీళ్ళు పొయ్యకూడదు. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. నూనె అడుగుకి దిగిన నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెని సీలింగ్ దాకా చిమ్ముతాయి. స్టవ్ ఆపండి, మూత జరిపి పెట్టండి, చల్లారేదాకా మూత తీయకండి. బాండీని ఎత్తుకుని బయటికి పరిగెత్తకండి. మంట అదుపులో లేదనిపిస్తే బాండీ సంగతి వదిలేసి మీరు బయటికి రండి. అమెరికన్లకి ఇదే కథ థ్యాంక్స్‌గివింగ్ రోజున టర్కీతో జరుగుతుంది. ఇళ్ళలో వంట వల్ల మంటలు ఏడాదిలో అన్ని రోజులకన్నా ఎక్కువగా వచ్చేది ఆ రోజే.

వేసవి గురించి ఎక్కువ చెప్పను, ఒక్క 2021 సెప్టెంబరు 1 రాత్రి తప్ప. ఐడా తుఫాను మిగులు వాన. న్యూజెర్సీలో 30 మంది పోయారు, ఎక్కువమంది కార్లలో చిక్కుకునే. మాన్‌విల్‌లో వీధులు మునిగిపోయి ఉండగా గ్యాస్ లీకై కట్టడాలు పేలి తగలబడ్డాయి. చుట్టూ నీళ్ళే, ఇంజన్లు దగ్గరికి వెళ్ళే దారి లేదు. వాలంటీర్లలో కొందరి సొంత ఇళ్ళ బేస్‌మెంట్లు నిండుతుంటే వాళ్ళు పడవల్లో ఎవరింటి ముందో ఉన్నారు. రోడ్డు మీద నీళ్ళు ఎంత లోతో తెలియనప్పుడు వెనక్కి తిరగండి. ఒక అడుగు నీళ్ళు చాలు, చిన్న కారుని తేల్చడానికి.

అక్టోబరులో ఫైర్ ప్రివెన్షన్ వీక్. 1871 అక్టోబరులో షికాగో తగలబడిన రోజులకి గుర్తుగా పెట్టారు. బడులకి వెళ్తాం. ఒక ఫైర్‌ఫైటర్ పిల్లల ముందు కింద కూర్చుని, ఒక్కొక్కటే తొడుక్కుంటాడు. ప్యాంటు, బూట్లు, కోటు, సిలిండర్, చివరికి మాస్క్. ఎందుకంటే పూర్తిగా తయారైన మనిషి పొగలో గురగురమని ఊపిరి తీస్తూ పాక్కుంటూ వస్తే పిల్లలు భయపడి మంచం కిందో అలమరలోనో దాక్కుంటారు. అలా దాక్కుంటే మాకు దొరకరు. అందుకని మాస్క్ పెట్టుకున్నాక వాళ్ళ చేత దాన్ని ముట్టుకోనిస్తాం. ఒక పిల్లాడు నన్ను, "అంకుల్, లోపల మీరేనా?" అని అడిగాడు.

మంట దగ్గర ఎలా ఉంటుందో కూడా చెప్పాలి కదా. రాత్రిపూట, రెండంతస్తుల ఇల్లు, కింద ఫ్యామిలీ రూమ్‌లో మొదలైంది. ఇంట్లోవాళ్ళు బయటికి వచ్చేశారు గానీ, అందరూ వచ్చారో లేదో వాళ్ళకే తెలియని కంగారు. ఇద్దరం లోపలికి, ఇద్దరు గుమ్మం దగ్గర సిద్ధంగా, అదీ పద్ధతి. ఒంటి మీద సిలిండరూ సామానూ కలిపి పాతిక కేజీలు. లోపల ఏమీ కనిపించదు. ఏమీ అంటే నా చేతి గ్లవ్ నాకే కనిపించదు. గోడ మీద ఎడమ చెయ్యి ఆనించి, మోకాళ్ళ మీద వెళ్తాం. పైన వేడి, కింద కొంచెం నయం. సిలిండర్ మీద ముప్ఫై నిమిషాలని రాసి ఉంటుంది, పని చేస్తూ పీలిస్తే అందులో సగమో ఇంకాస్తో వస్తుంది. మనిషి అరనిమిషం కదలకపోతే నడుముకున్న పరికరం దానంతట అదే గోల పెడుతుంది.

పైన రెండు పడకగదులు. ఒకదాని తలుపు తీసి ఉంది. అందులో మంచం, పరుపు, కిటికీ తెరలు అంతా నల్లగా, ప్లాస్టిక్ గడియారం కరిగి గోడ మీద జారిపోయింది. రెండోదాని తలుపు వేసి ఉంది. బయటివైపు రంగు బుడగలు బుడగలుగా లేచింది. తీసి చూస్తే లోపల గోడకి పిల్లలు గీసిన కాగితం బొమ్మలు ఉన్నవి ఉన్నట్టే. పడుకునేటప్పుడు పడకగది తలుపు వేసుకోండి అని మేం పదే పదే చెప్పేది ఇందుకే. పాతకాలం చెక్క, నూలు సామాన్లున్న గది పూర్తిగా అంటుకోవడానికి ప్రయోగాల్లో అరగంట దాకా పట్టింది. ఇప్పటి ఫోమ్ సోఫాలు, సింథటిక్ కార్పెట్లున్న గదికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తేడాలో ఒక తలుపు చాలా పని చేస్తుంది.

మంట ఆరాక పని సగమే అయినట్టు. సీలింగులు లాగి లోపల నిప్పు లేదని చూడాలి, హోసులు చుట్టాలి, కోటు మీద మసి అక్కడే కడగాలి. ఫైర్‌ఫైటర్ పనిని 2022లో క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో, చేర్చారు. మసిపట్టిన కోటు ఒకప్పుడు గొప్ప, ఇప్పుడు చీఫ్ చూస్తే తిడతారు. తెల్లవారాక ఇంటికి వచ్చి స్నానం చేసి, తొమ్మిదింటికి ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో "నిన్నటి పని ఎంతవరకు వచ్చింది?" అంటే ఏం చెప్తాం.

నవంబరు వచ్చిందంటే నాకొక ఇబ్బంది. అయ్యప్ప మాల. మాస్క్ ముఖానికి గాలి చొరకుండా అతకాలంటే గడ్డం ఉండకూడదు. ప్రతి ఏడాదీ మిషన్ పెట్టి పరీక్షిస్తారు కూడా. దీక్షలో గడ్డం తీయం. మాల వేసుకున్న ఏడాది చీఫ్‌ని కలిసి సంగతి చెప్పాను. ఆయన మొత్తం విని, "నలభై ఒక్క రోజులు పంపు నేర్చుకో" అన్నారు. ఆ మండలం అంతా ఇంజన్ పక్కన పంపు దగ్గరే ఉన్నాను. నల్లబట్టలు అడ్డం కాలేదు, పైన కోటు ఉంటుంది కదా. ఫైర్‌హౌస్‌లో ఫ్రిజ్ మీద "స్వామి తినడు" అని ఇంగ్లీషులో రాసి, నాకు వేరే అర కేటాయించారు.

డిసెంబరులో శాంటాని ఇంజన్ ఎక్కించి వీధులన్నీ తిప్పుతాం. అంతే, ఏడాది అయిపోయింది.

ఇక నేను నిజంగా చెప్పాలనుకుని వచ్చిన మాట. నది అవతల పెన్సిల్వేనియాలో 1970ల్లో వాలంటీర్లు మూడు లక్షల మంది దాకా ఉండేవాళ్ళు. 2018 నాటికి 38,000 అన్నారు. మా దగ్గరా అదే దారి. రాత్రి కాల్ వస్తే బండి నిండుతుంది. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి వస్తే ముగ్గురు దొరకడం కష్టం, ఎందుకంటే పాతవాళ్ళంతా ఉద్యోగాలకి వేరే ఊళ్ళు పోతారు. మరి మంగళవారం మధ్యాహ్నం ఊళ్ళో ఉండేదెవరు? వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్ళు. ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తక్కర్లేదు, నాకు తెలుసు. (నవ్వులు.) మీరు ఉండే వీధుల్లో ఒకప్పుడు ఫైర్‌ఫైటర్లు ఉండేవాళ్ళు. వాళ్ళు ఇళ్ళు అమ్ముకుని ఫ్లోరిడా వెళ్ళిపోయారు. ఆ ఇళ్ళు మనం కొన్నాం. వాళ్ళ పేజర్లు మాత్రం ఎవరూ తీసుకోలేదు.

మా నాన్నగారు మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు, అర్ధరాత్రి నేను చెప్పుల కోసం వెతుక్కుంటుంటే లేచి కూర్చుని, "జీతం లేని ఉద్యోగానికి ఇంత టెన్షనేమిట్రా" అన్నారు. సమాధానం చెప్పడానికి అప్పుడు టైమ్ లేదు. తర్వాత ఆయనే ఫైర్‌హౌస్‌కి వచ్చి, ఇంజన్ చుట్టూ రెండు సార్లు తిరిగి, పంపు కెపాసిటీ ఎంత అని అడిగారు. రైతు కదా.

ట్రైనింగ్ ఊరికే ఇస్తారు, కొన్ని నెలలు సాయంత్రాలూ శనివారాలూ పోతాయి. మంటలోకి వెళ్ళలేనివాళ్ళకి కూడా పనుంది: లెక్కలు రాయాలి, గ్రాంట్లకి అప్లై చెయ్యాలి, పెద్ద మంట దగ్గర మావాళ్ళకి నీళ్ళూ కాఫీ అందించాలి. కారు మీద నీలం లైటు ఇస్తారు. అది దారి ఇవ్వమని అడిగే మర్యాద లైటే, రెడ్ సిగ్నల్ దాటే హక్కు రాదు. ముందే చెప్తున్నాను, దాని కోసమే చేరదామనుకునే కుర్రాళ్ళుంటారు.

(ప్రశ్న: పిలిస్తే బిల్లు వస్తుందా?)

మంచి ప్రశ్న. మా ఊళ్ళో ఫైరింజన్ వస్తే బిల్లు రాదు, అంబులెన్స్ సంగతి వేరు, అది ఊరిని బట్టి ఉంటుంది. బిల్లు భయంతో పిలవడం మానకండి. ఒకాయన ఇంట్లో గ్యాస్ వాసన వస్తోందని గ్యాస్ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ పెట్టి, జవాబు కోసం లోపలే కూర్చున్నారు. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికి నడిచి, అక్కడి నుంచి 911 చెయ్యండి. ఏమీ లేదని తేలితే మేం ఏమీ అనుకోం, మాకు అలవాటే.

బయట పార్కింగ్‌లో ఇంజన్ తెచ్చి పెట్టాం. పిల్లలు ఎక్కొచ్చు, హెల్మెట్ పెట్టుకుని ఫొటోలు దిగొచ్చు. అప్లికేషన్లు ముందు సీట్లో ఉన్నాయి. మధ్యలో పేజర్ మోగితే మాత్రం అందర్నీ దించేసి వెళ్ళిపోతాం, సమోసాలు దాచి ఉంచండి.